పాత అంబాసిడర్‌కు డిస్ట్రిబ్యూటర్ బిగించి టైమింగ్ పెట్టుకోవడం ఎలా

పాత అంబాసిడర్ బానెట్ ఎత్తితే డ్రైవర్ కూర్చునే వైపు, ప్లగ్గుల వరుస పక్కనే, ఐదు లావుపాటి వైర్లు నెత్తిన పెట్టుకుని నల్లటి మూతతో ఒక వస్తువు కనిపిస్తుంది. అదే డిస్ట్రిబ్యూటర్, ఏ ప్లగ్‌కు ఎప్పుడు నిప్పు అందాలో చూసుకునేది. మా నాన్నగారి మార్క్ 4 నా చేతికొచ్చాక నేను మొదట విప్పింది దాన్నే. ఏ గుర్తూ పెట్టుకోకుండా విప్పాను, నీడలోకని బండిని గేర్‌లో ఉండగానే కాస్త తోశాను. ఆ తర్వాత రెండు రోజులు బండి స్టార్ట్ కాలేదు. చివరికి ఒక మెకానిక్ వచ్చి, చెవితో వింటూ డిస్ట్రిబ్యూటర్‌ను అటూ ఇటూ తిప్పి నడిపించి వెళ్లాడు. బండి నడిచింది. కానీ పికప్ లేదు, ఎండాకాలం వస్తే రేడియేటర్ మరిగేది. రేడియేటర్ కడిగించాను, థర్మోస్టాట్ మార్పించాను. టైమింగ్ వెనకబడి ఉందన్న సంగతి తెలియడానికి ఏడాది పట్టింది.

అనుభవమున్న చెవిని నేను తక్కువ చేయను. కానీ ఈ పనిలో చెవిది ఆఖరి వంతు. ముందు పాయింట్ల గ్యాప్ (పాయింట్లంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంటూ మూసుకుంటూ కరెంటును తెంచి కలిపే రెండు చిన్న లోహపు కొసలు), తర్వాత ఒకటో సిలిండర్, ఆ తర్వాత బల్బు, అప్పుడు చెవి. ఈ వరుస తప్పకపోతే ఇంట్లో మామూలు పనిముట్లతోనే, ఒక పూటలో, ఎవరైనా ఈ పని చేసుకోవచ్చు.

కింద చెప్పేదంతా అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు వాడిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు సంబంధించింది. ఇది ఇంగ్లండ్‌లోని బీఎంసీ కంపెనీ బీ-సిరీస్ ఇంజన్. అక్కడి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోనూ ఇదే ఉండేది. 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజన్‌కు పద్ధతి ఇలాంటిదే అయినా అంకెలు వేరు. డీజిల్ అంబాసిడర్‌కు డిస్ట్రిబ్యూటరే ఉండదు.

టైమింగ్ అంటే ఏమిటి

పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం నిప్పు తగలగానే ఒక్కసారిగా పేలిపోదు. మంట ప్లగ్ దగ్గర మొదలై సిలిండర్ అంతా పాకడానికి సెకనులో కొన్ని వందల వంతుల్లో ఒక వంతు సమయం పడుతుంది. అది చాలా తక్కువ సమయంలా అనిపిస్తుంది గానీ ఇంజన్‌కు తక్కువ కాదు. నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు సెకనులో వెయ్యో వంతుకు క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) దాదాపు 5 డిగ్రీలు తిరుగుతుంది. అదే 3000 చుట్ల దగ్గర 18 డిగ్రీలు తిరుగుతుంది. పిస్టన్ పైకి చేరి కిందికి దిగడం మొదలుపెట్టే వేళకు మంట బలం దాని నెత్తిన పడాలంటే, పిస్టన్ పైకి చేరకముందే నిప్పు రావాలి. ఎన్ని డిగ్రీల ముందు అన్నదే టైమింగ్.

వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందు రావాలి కాబట్టి డిస్ట్రిబ్యూటర్ లోపల, పాయింట్ల పలక కింద, స్ప్రింగులతో రెండు చిన్న బరువులు ఉంటాయి. స్పిండిల్ (మధ్యలో తిరిగే ఇరుసు) జోరుగా తిరిగితే అవి విచ్చుకుని, పాయింట్లను తెరిచే నాలుగు మూలల దిమ్మను, అంటే క్యామ్‌ను, ముందుకు జరుపుతాయి. పక్కన గుండ్రటి డబ్బా ఉంటుంది చూడండి, సన్నటి గొట్టం కార్బురేటర్ దాకా వెళ్తుంది, అది వ్యాక్యూమ్ యూనిట్. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి సాఫీగా పోతున్నప్పుడు అది నిప్పును మరికాస్త ముందుకు తెస్తుంది. మనం చేత్తో పెట్టేది మొదటి స్థానం మాత్రమే. మిగతాది ఈ రెండూ చూసుకుంటాయి. అవి బిగుసుకుపోయి ఉంటే మీరు ఎంత కచ్చితంగా టైమింగ్ పెట్టినా హైవే మీద బండి నీరసంగానే ఉంటుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అంగుళాల కొలతల పానాలు (ఈ ఇంజన్ బోల్టులు మిల్లీమీటర్లవి కావు), సన్న స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్, ప్లగ్ పానా, సుద్దముక్క, సన్నటి ఎమరీ పేపర్, ఇన్సులేషన్ టేప్, 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు తగిలించి చేసిన టెస్ట్ ల్యాంప్. టైమింగ్ లైట్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. పాయింట్ల సెట్, కండెన్సర్ (పాయింట్లు మాడకుండా కాపాడే చిన్న డబ్బా), రోటర్ (మూత కింద తిరుగుతూ నిప్పును వరుసగా ప్లగ్ వైర్లకు అందించే ముక్క), మూత కొత్తవి కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ అడిగి చూడండి. పాత రోటర్‌ను వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి పోల్చుకున్నాకే డబ్బులివ్వండి. బరువు తక్కువగా, ఇత్తడి రేకు వదులుగా ఉన్న రోటర్ ఒకసారి నా చేతికి వచ్చింది. ఇంజన్ వేడెక్కగానే నిప్పు లోపలే స్పిండిల్‌కు దూకేసేది. రోడ్డు మీద ఆగిపోయిన బండి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది.

విప్పడం

ఈ పనిలో మొదటి నియమం: మూత తీశాక ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయండి. వైర్ల వరుస, రోటర్ చూస్తున్న దిక్కు, వ్యాక్యూమ్ యూనిట్ ఎటు తిరిగి ఉందో, ఇవన్నీ కనపడాలి. ప్లగ్ వైర్లకు 1, 2, 3, 4 అని టేపు మీద రాసి అంటించండి. ఫ్యాన్ వైపు ఉన్నదే ఒకటో సిలిండర్.

బ్యాటరీ టెర్మినల్ ఒకటి ఊడదీయండి. మూతకు రెండు పక్కలా ఉన్న క్లిప్పులు విప్పి, వైర్లు అలాగే ఉంచి, మూతను పక్కకు పెట్టండి. కాయిల్ (బ్యాటరీ కరెంటును ప్లగ్ నిప్పుకు సరిపడా పెంచేది) నుంచి వచ్చే సన్న వైరు, వ్యాక్యూమ్ గొట్టం తీసేయండి. ఇప్పుడు కింద చూస్తే డిస్ట్రిబ్యూటర్ మెడ చుట్టూ ఒక క్లాంప్ ప్లేటు ఉంటుంది. దానికి మూడు బోల్టులు. ఒకటి మెడను బిగించి పట్టుకునేది, తక్కిన రెండూ ప్లేటును ఇంజన్‌కు బిగించేవి. పాత టైమింగ్ బాగానే ఉండి, శుభ్రం చేయడానికో, అరిగిన భాగం మార్చడానికో తీస్తుంటే మెడ బోల్టును ముట్టుకోకండి. ఆ రెండు బోల్టులే విప్పి మొత్తం పైకి లాగండి. తిరిగి పెట్టినప్పుడు టైమింగ్ దాదాపు పాత చోటికే వస్తుంది.

డిస్ట్రిబ్యూటర్ బయటికొచ్చాక బండిని తోయకండి, సెల్ఫ్ కొట్టకండి. గుంటలోకి తొంగి చూస్తే కింద ఒక గాడి కనిపిస్తుంది. అది సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ అడుగున ఉన్న నాలుక కూడా అలాగే ఒక పక్కకు ఉంటుంది. అందువల్ల ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్ ఒకే ఒక్క స్థితిలో కూర్చుంటుంది, తిరగేసి పెట్టడం కుదరదు. గాడి ఉన్న ఆ డ్రైవ్ షాఫ్ట్‌ను మాత్రం అనవసరంగా పైకి లాగొద్దు. దాని పళ్లు క్యామ్‌షాఫ్ట్‌తో కలిసి ఉంటాయి. ఒక పన్ను మారితే వైర్ల లెక్క అంతా మారిపోతుంది.

లోపలి పరీక్ష, పాయింట్ల గ్యాప్

స్పిండిల్‌ను వేళ్లతో పట్టి అటూ ఇటూ ఊపి చూడండి. ఆట బాగా ఉంటే బుష్ అరిగినట్టు. అలాంటి డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ ప్రతి చుట్టుకూ మారుతుంది కాబట్టి టైమింగ్ నిలవదు. బుష్ వేయించాకే మిగతా పని. రోటర్‌ను తిరిగే దిక్కున కొద్దిగా తిప్పి వదలండి, స్ప్రింగుతో వెనక్కి రావాలి. రాకపోతే బరువులు తుప్పుతో పట్టేశాయి. వ్యాక్యూమ్ గొట్టాన్ని నోటితో పీల్చితే లోపలి పలక కదలాలి, నాలుకతో మూస్తే అక్కడే నిలవాలి. కదలలేదంటే డయాఫ్రమ్ చిరిగింది.

మూత లోపల సన్నటి నల్లగీత చెట్టు వేరులా కనిపిస్తే అది పగులు. నిప్పు దాని వెంట పారిపోతుంది. వానాకాలంలో పొద్దున్నే స్టార్ట్ కాని బండ్లకు చాలాసార్లు ఇదే జబ్బు. మధ్యలో ఉన్న కార్బన్ ముక్క స్ప్రింగు మీద లోపలికీ బయటికీ ఆడాలి.

పాయింట్లు కొత్తవి వేసేటప్పుడు కాయిల్ వైరు, కండెన్సర్ వైరు, స్ప్రింగు ఒకదానికొకటి తగలాలి, అవి మాత్రం పలకకు తగలకూడదు. ఆ తేడాను కాపాడేది ఒక చిన్న ప్లాస్టిక్ బుష్, ఫైబర్ వాషర్. వాటి వరుస తప్పితే కరెంటు నేరుగా ఎర్త్ అయిపోయి నిప్పే రాదు. కొత్త పాయింట్లు వేశాక బండి చచ్చినట్టు పడి ఉంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

గ్యాప్ పెట్టాలంటే స్పిండిల్ తిప్పి, పాయింట్ల మడమ (క్యామ్‌కు ఆనుకుని ఉండే భాగం) క్యామ్ మూలలోని ఎత్తైన చోటు మీదికి వచ్చేలా చేయండి. అప్పుడే పాయింట్లు పూర్తిగా తెరుచుకుంటాయి. ఆ మధ్యన 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ రేకు కాస్త పట్టీపట్టనట్టు జారాలి. స్క్రూ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులో గ్యాప్ జరుగుతుంది. పాత పాయింట్లలో ఒకవైపు గుంట, మరోవైపు బొడిపె ఏర్పడి ఉంటే ఫీలర్ గేజ్ బొడిపె మీద కూర్చుని అబద్ధం చెబుతుంది. వాటిని మార్చేయడం మేలు.

టైమింగ్ కంటే ముందు గ్యాప్ ఎందుకంటే, గ్యాప్ పెంచితే పాయింట్లు ముందుగా తెరుచుకుంటాయి, తగ్గిస్తే ఆలస్యంగా. గ్యాప్ ముట్టుకుంటే టైమింగ్ మారుతుంది. టైమింగ్ ముట్టుకుంటే గ్యాప్ మారదు. టైమింగ్ పెట్టిన తర్వాత గ్యాప్ సరిచేస్తే పడ్డ శ్రమంతా పోయినట్టే.

క్యామ్‌కు వేలి కొసతో కొంచెం గ్రీజు, రోటర్ తీస్తే కనపడే స్పిండిల్ తలలో రెండు చుక్కల ఆయిల్, అంతే. పాయింట్ల ముఖం మీద ఆయిల్ మరక పడితే ఎమరీతో కాదు, పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవండి.

ఒకటో సిలిండర్‌ను పట్టుకోవడం

మొత్తం పనికి ఇదే పునాది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, నాలుగు ప్లగ్గులూ తీసేయండి. ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ముందు బంపర్ కంతలోంచి హ్యాండిల్ పెట్టి తిప్పవచ్చు. హ్యాండిల్ లేకపోతే టాప్ గేర్‌లో వేసి, బ్రేక్ వదిలి, ఇంకొకరి సాయంతో బండిని అంగుళం అంగుళంగా తోయవచ్చు. ఇంజన్ ముందు నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి.

ఒకటో ప్లగ్ రంధ్రాన్ని వేలితో మూసి మెల్లగా తిప్పించండి. ఒక దశలో గాలి వేలిని గట్టిగా తోస్తుంది. అది కంప్రెషన్. ఇప్పుడు కింద క్రాంక్ పుల్లీ అంచున ఉన్న గాటు కోసం చూడండి. గ్రీజు, మట్టి పట్టి ఉంటుంది, తుడిచి సుద్ద రుద్దితే తెల్లగా తేలుతుంది. టైమింగ్ కవర్ దగ్గర రంపం పళ్లలాంటి ముల్లులు ఉంటాయి. అన్నిటికంటే పొడుగుది పిస్టన్ సరిగ్గా పైన ఉన్న స్థానం. తక్కినవి దానికి 5 డిగ్రీల ముందు, 10 డిగ్రీల ముందు. తిరిగే గాటు మొదట 10ని దాటుతుంది, తర్వాత 5ని, చివర పొడుగు ముల్లును.

పిస్టన్ ఒక పనికి రెండుసార్లు పైకి వస్తుంది: కంప్రెషన్ చివర ఒకసారి, పొగ బయటికి నెట్టేటప్పుడు ఇంకోసారి. గాటు రెండుసార్లూ ముల్లు దగ్గరికే వస్తుంది. వేలికి గాలి తగలలేదంటే అది తప్పుడు చుట్టు, ఇంకో పూర్తి చుట్టు తిప్పాలి. వేలి మీద అనుమానంగా ఉంటే ట్యాపెట్ కవర్ తీసి నాలుగో సిలిండర్ వాల్వులను చూడండి. ఒకటి మూసుకుంటూ, ఇంకొకటి తెరుచుకుంటూ రెండూ కలిసి ఊగుతుంటే ఒకటో సిలిండర్ కంప్రెషన్ పైన ఉన్నట్టే. నేను ఈ పద్ధతినే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు గాటును 5 డిగ్రీల ముల్లు ఎదుటికి తెచ్చి ఆపండి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. 5 నేను మొదలుపెట్టే చోటు. గాటు ముల్లును దాటిపోతే కొద్దిగా వెనక్కి లాగి సర్దుకోవద్దు. పావు చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు వస్తూ ఆగండి. టైమింగ్ చైన్‌లో, గేర్లలో ఉన్న వదులు వల్ల వెనక నుంచి వస్తే రెండు మూడు డిగ్రీలు తేడా పడుతుంది.

బిగించడం, వైర్లు పెట్టడం

డిస్ట్రిబ్యూటర్‌ను గుంటలో పెట్టి, వ్యాక్యూమ్ యూనిట్ పాత దిక్కుకే ఉండేలా పట్టుకుని, రోటర్‌ను వేళ్లతో మెల్లగా తిప్పుతూ కిందికి ఒత్తండి. నాలుక గాడిలో పడగానే టక్కున కూర్చుంటుంది. ప్లేటుకూ ఇంజన్‌కూ మధ్య సందు కనపడుతుంటే నాలుక పడలేదన్నమాట. బోల్టులు బిగించి కిందికి లాగుదామనుకుంటే ప్లేటు విరుగుతుంది. రెండు బోల్టులూ బిగించి, మెడ బోల్టును మాత్రం చేత్తో బలంగా తిప్పితే డిస్ట్రిబ్యూటర్ కదిలేంత వదులుగా ఉంచండి.

రోటర్ ఇప్పుడు ఎటు చూస్తోందో, మూతలో ఆ చోట ఉన్న గుంటే ఒకటో ప్లగ్ వైరుది. పాత ఫొటోలు లేకపోయినా, బండి ఎవరో విప్పి వదిలేసింది అయినా, ఈ ఒక్క సూత్రం చాలు. ఈ ఇంజన్‌లో రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు తిరుగుతుంది. నిప్పు పడే వరుస 1-3-4-2. కాబట్టి ఒకటి నుంచి ఎదురు దిక్కుగా పోతూ మూడు, నాలుగు, రెండు పెట్టండి. చాలామంది అలవాటు కొద్దీ గడియారం దిక్కున పెడతారు. అప్పుడు ఒకటి, నాలుగు సరైన చోటే ఉంటాయి, రెండు మూడు తారుమారవుతాయి. బండి వణుకుతూ, కార్బురేటర్‌లోంచి తుమ్ముతూ, రెండు సిలిండర్ల మీద లాగుతుంది.

బల్బుతో టైమింగ్

టెస్ట్ ల్యాంప్ ఒక వైరును డిస్ట్రిబ్యూటర్‌కు కాయిల్ వైరు తగిలే చోట, రెండోదాన్ని ఇంజన్ మీద ఏదైనా శుభ్రమైన ఇనుముకు తగిలించండి. బ్యాటరీ కలిపి తాళం వేయండి. పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు వాటి గుండా పోతుంది, బల్బు వెలగదు. తెరుచుకున్న క్షణాన బల్బు వెలుగుతుంది. ప్లగ్‌లో నిప్పు పుట్టేది కూడా సరిగ్గా ఆ క్షణానే.

రోటర్‌ను అది తిరిగే దిక్కుకు ఎదురుగా, అంటే గడియారం దిక్కున, వేలితో కొద్దిగా ఒత్తి ఉంచి, డిస్ట్రిబ్యూటర్ ఒంటిని గడియారానికి ఎదురుగా తిప్పండి. బల్బు ఆరిపోతుంది. ఇప్పుడు గడియారం దిక్కున, ఊపిరి బిగబట్టినంత మెల్లగా తిప్పండి. బల్బు వెలిగిన చోట ఆపి మెడ బోల్టు బిగించండి. బిగించాక క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పి మళ్లీ చూడండి. గాటు 5 ముల్లు దగ్గరికి రాగానే బల్బు వెలగాలి. మొదటిసారే కుదరకపోతే టెన్షన్ పడకండి, రెండు మూడుసార్లు చేస్తే చేతికి అలవాటవుతుంది. ఒక్క జాగ్రత్త: తాళం వేసి పాయింట్లు మూసి ఉన్న స్థితిలో ఎక్కువ సేపు వదిలేస్తే కాయిల్ కాలుతుంది.

గడియారం దిక్కున తిప్పితే నిప్పు ముందుకు, ఎదురుగా తిప్పితే వెనక్కి. కొన్ని పాత లూకాస్ డిస్ట్రిబ్యూటర్లకు వ్యాక్యూమ్ యూనిట్ దగ్గర గరుకు అంచున్న చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే క్లిక్ క్లిక్ మంటుంది. సుమారు 11 క్లిక్కులకు ఒక డిగ్రీ. ఆఖరి సర్దుబాటుకు ఇది చాలా హాయి. అందుకే పని మొదలుపెట్టే ముందే ఆ చక్రాన్ని మధ్యలోకి తెచ్చి ఉంచుకోండి.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేయించుకున్న బండ్లకు బల్బు పద్ధతి నప్పదు. వాటికి టైమింగ్ లైటే దారి. లైటు క్లిప్పును ఒకటో ప్లగ్ వైరుకు తగిలించి, వ్యాక్యూమ్ గొట్టం తీసి కొస మూసి, ఇంజన్‌ను నిదానంగా నడుపుతూ సుద్ద గాటు మీదికి లైటు కొట్టండి. రేస్ చేస్తే గాటు ముందుకు జరగడం కనిపించాలి. లోపలి బరువులు పనిచేస్తున్నాయనడానికి అదే సాక్ష్యం. ఈ పనిలో ఫ్యాన్ మీ చేతికి జానెడు దూరంలో తిరుగుతుంటుంది. కండువా, చున్నీ, వదులు చేతుల చొక్కా ఏదీ ఒంటి మీద ఉండకూడదు.

రోడ్డు మీద

ఇంజన్ బాగా వేడెక్కాక చిన్న ఎత్తు ఉన్న రోడ్డుకు తీసుకెళ్లండి. టాప్ గేర్‌లో 45 కిలోమీటర్ల వేగం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. గాజు సీసాలో గులకరాళ్లు కదిపినట్టు టకటక శబ్దం క్షణంపాటు వచ్చి, వేగం అందుకోగానే మాయమైతే టైమింగ్ దాదాపు సరిపోయినట్టే. శబ్దం ఆగకుండా వస్తే నిప్పు మరీ ముందుంది. డిస్ట్రిబ్యూటర్‌ను ఎదురుగా ఒక డిగ్రీ పాటు జరపండి. ఆ శబ్దంతోనే రోజూ నడిపితే పిస్టన్లు దెబ్బతింటాయి. అసలు శబ్దమే లేక, బండి బరువుగా, రేడియేటర్ వేడిగా ఉంటే నిప్పు ఆలస్యం. నా బండి ఏడాదంతా పడింది ఈ అవస్థే. ఒక్కోసారికి ఒక్క డిగ్రీయే మార్చి మళ్లీ నడిపి చూడండి. చెవికి పని పడేది ఇక్కడే.

హ్యాండిల్‌తో స్టార్ట్ చేసే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. నిప్పు మరీ ముందుంటే పిస్టన్ వెనక్కి తన్ని హ్యాండిల్ ఎదురు తిరుగుతుంది, మణికట్టు విరుగుతుంది. బొటనవేలిని హ్యాండిల్ చుట్టూ వేయకుండా మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచి, కింది నుంచి పైకి మాత్రమే లాగండి. మీ పిల్లలకు నేర్పినా ముందు ఈ పట్టే నేర్పండి.

అన్నీ కుదిరాక డిస్ట్రిబ్యూటర్ మెడ మీద నుంచి క్లాంప్ ప్లేటు, ఇంజన్ దాకా తెల్ల పెయింట్‌తో ఒక సన్నటి గీత గీయండి. ఈసారి ఎవరు విప్పినా ఆ గీత కలిపితే చాలు. కొత్త పాయింట్ల మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది, గ్యాప్ తగ్గి నిప్పు మెల్లగా వెనకబడుతుంది. 500 కిలోమీటర్లు తిరిగాక మూత తీసి గ్యాప్ మళ్లీ కొలిచి సరిచేసి, బల్బు పెట్టి 5 ముల్లు దగ్గర ఇంకోసారి చూసుకోండి.